ఎడమ భుజం

"ఆ పొద్దు తెల్లారుజామున యాడుండావప్పా?"

పొద్దున్నుంచి ఇదే ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతున్నాను. సైన్యంలో నాయక్‌గా ఉన్న షాహుల్ బల్ల మీద పరిచిన మిలిటరీ జాకెట్ వైపు చూస్తూ కూర్చున్నాడే గాని పెదవి విప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా, అచ్చం అలాగే. నా ఖర్మ ఏమిటంటే, ఇతను దొంగ కాదని నమ్మేది ఈ స్పెషల్ టీమ్ మొత్తంలో నేనొక్కదాన్నే. ఎందుకు నమ్ముతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర గింజంత ఆధారం లేదు.

"నీ సొంత డ్రస్సు యాడ పెట్టినావు? అదన్నా చెప్పు."

"చెప్పలేను మేడమ్."

"చెప్పలేవా, చెప్పవా?"

ఎస్సైగా చేరినప్పటి నుంచి ఏడ్చేవాళ్లను చూశాను, అబద్ధాలాడేవాళ్లను చూశాను, నా మొహానే బూతులు తిట్టినవాళ్లనూ చూశాను. వాళ్లందరితో వేగడం నాకు వచ్చు. నోరు కుట్టుకుని కూర్చున్న మంచివాడితో ఎలా వేగాలో ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వస్తున్న ఒక నగల వ్యాపారి కారును ఈ వారం మొదట్లో తెల్లవారకముందే మిలిటరీ దుస్తుల్లో ఉన్న మనిషి చెయ్యెత్తి ఆపాడు. ఆర్మీ బండ్లు వస్తున్నాయి, పక్కకు పెట్టుకోమన్నాడు. పోలీసు ఆపితే నసిగే డ్రైవరు, సైనికుడు కదా అని మర్యాదగా పక్కకు తీశాడు. కారులో ఒక్కడే ఉన్న ఆ డ్రైవరు తల పగలగొట్టి నగల పెట్టె ఎత్తుకుపోయారు. ఆస్పత్రికి చేరేలోపు ఆ డ్రైవరు ఈ రెండు ముక్కలు మాత్రం చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే రోడ్డు పక్క కంపచెట్లలో రక్తపు మరకలతో ఈ జాకెట్ దొరికింది.

బజార్లో అమ్మే పాత రకం కాదు ఇది. సైన్యం కొత్తగా ఇచ్చిన డిజైను. పైగా ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దించి కుట్టి ఉంది. సెలవు మీద ఊరికొచ్చిన షాహుల్‌కు ఎడమ భుజం జారి ఉంటుంది, మంచులో పడి కీలు తప్పినప్పటి నుంచి. మా సీఐ వెంకటరమణయ్య ఆ జాకెట్‌ను అతనికి తొడిగించి చూశాడు. కొలిచి కుట్టినట్టు కూర్చుంది. అక్కడితో ఆయన లెక్కలో కేసు ముగిసిపోయింది.

నాకు ముగియలేదు. తడిచేత్తో పట్టుకుంటే ఈ గుడ్డ రంగు వేళ్లకు అంటుతోంది. దేశం కాసేవాడికి రంగు వెలిసే గుడ్డ ఇస్తారా అని అడిగితే, కాంట్రాక్టరు తిని ఉంటాడమ్మా అని సీఐ నవ్వేశాడు.

"షాహుల్, ఇది మనిషిని చంపిన కేసు," అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. "ఉరి దాకా పోతాది. దీనికన్నా పెద్దది ఏముందప్పా నువ్వు దాచుకునేది?"

అతను తల ఎత్తకుండానే మాట్లాడాడు. "ఇది మీ కోర్టు మేడమ్. మీ కోర్టులో నేను తప్పు చేయలేదు, ఎప్పుడో ఒకప్పుడు బయటపడతా. మాకు వేరే కోర్టు ఉంది. ఆడ బయటపడను."

"అంటే ఆడ తప్పు చేసినావా?"

"మాకు స్టాండింగ్ ఆర్డర్లని ఉంటాయి మేడమ్. ఎవురూ దినామూ వచ్చి చెప్పరు. ఎప్పుడూ అమల్లో ఉంటాయి, మనమే గుర్తుపెట్టుకోవాల. ఆఫీసరు ఎదురుగా నిలబడి ఇచ్చిన ఆర్డరును కావాలని కాదంటే పద్నాలుగేండ్లు దాకా. స్టాండింగ్ ఆర్డరు పాటించకపోతే రెండేండ్లు దాకా. చేరిన కొత్తల్లోనే నూరిపోస్తారు."

"రెండేండ్లకు భయపడి ఉరికి మెడ ఇస్తావా?"

"జైలు కాదు మేడమ్. చిన్న తప్పుకు జైల్లో ఎవురూ ఏయరు. సర్వీసు కాగితాల్లో ఎర్ర ఇంకుతో రాస్తారు. నాకు ఇప్పటికే మూడు పడినాయి. నాలుగోది పడితే ఇంటికి పంపించేదానికి వాళ్లకు దోవ దొరుకుతాది. ఇంగొక్క ఏడాది నెట్టుకొస్తే పింఛను. మా పాప చదువు, మా ఇల్లు, అంతా దాని మీదే."

"ఏ ఆర్డరు తప్పినావు?"

అతను ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పబోతున్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

మూతపడిన పత్తి మిల్లు ఆఫీసును మా టీమ్ క్యాంపుగా వాడుకుంటున్నాం. ఆ తలుపుకు గడియ లేదని మూడు రోజులుగా మొత్తుకుంటున్నాను. గడియ ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

లోపలికి వచ్చింది కొత్త డిజైను దుస్తుల్లో ఎత్తుగా ఉన్న మనిషి. బూట్లు అద్దంలా ఉన్నాయి. వెనకే మా సీఐ, కూతురి పెళ్లి కుదిరినవాడి మొహంతో.

"సుబేదార్ సన్యాసినాయుడు, మిలిటరీ పోలీస్. మా జవానును తీసుకుపోవడానికి వచ్చాను."

"మర్డర్ కేసులో విచారణ నడుస్తాంది. మీకెట్లిస్తాము?" అన్నాను.

"మీ కేసు మీకే ఉంటుంది మేడమ్. ముందు మా కేసు. స్టాండింగ్ ఆర్డర్ ధిక్కరించి యూనిఫాం బయటివాళ్ల చేతికి ఇచ్చాడు. మా చట్టంలో దానికి పద్నాలుగేళ్లు. మా విచారణ అయ్యాక మీకే అప్పగిస్తాం."

షాహుల్ ఆ పొద్దంతటిలో మొదటిసారి తల పూర్తిగా ఎత్తి ఆ సుబేదార్ మొహంలోకి చూశాడు.

"ఆ సంగతి మీకెట్లా తెలిసింది?" అని అడిగాను. "ఇంతసేపూ నాకే చెప్పలేదు ఈయప్ప."

"మా సమాచారం మాకుంటుంది." సుబేదార్ జాకెట్ ఎడమ వైపు మెడ దగ్గరికి ఎగదన్నుకుని వస్తుంటే కిందికి లాక్కున్నాడు. "సివిల్ పోలీసులకు మిలిటరీ చట్టం అర్థం కాదు మేడమ్. మీరు చిన్నవాళ్లు. మీ సీఐగారికి తెలుసు."

చిన్నదాన్నట! ఒళ్లు మండిపోయింది. "సివిల్ మనిషి చచ్చిపోయినాడు సార్. ఆ డ్రైవరు పెండ్లాం రోజూ వచ్చి గేటు కాడ కూచుంటాంది. ఆమెకు నేనేం చెప్పాల? సుబేదారుగారు తీసకపోయినారని చెప్పాల్నా?"

ఆయన వెళ్లి షాహుల్ భుజం మీద చెయ్యి వేశాడు. "సమీరా వరండాలో కూర్చుంది. పాపకు జ్వరమట కదా. మావాడు బండితో బయటే ఉన్నాడు, ఇంటి దగ్గర దించుతాడులే. నువ్వు గోల చేయకుండా రా." అంటూనే మళ్లీ ఎడమ భుజం దగ్గర జాకెట్ లాక్కున్నాడు. మాటలు తేనెలో ముంచినట్టు ఉన్నాయి.

షాహుల్ నా వైపు తిరిగాడు.

"మేడమ్, నన్ను ఈడనే పెట్టుకోండి."

"ఎందుకు?"

తన భుజం మీది చెయ్యి వైపు చూశాడు. "ఈడనే లాకప్పులో ఏసి తాళం పెట్టుకోండి మేడమ్."

నిజం చెప్పాలంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నుంచి బతిమాలితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఇప్పుడు మిలిటరీ జైలు పేరెత్తగానే నోరొచ్చిందా? "అదేదో ఇంతకుముందే మాట్లాడి ఉంటే బాగుండు కదప్పా," అని బల్ల మీది జాకెట్‌ను సంచిలో వేసుకుని విసురుగా బయటికొచ్చాను.

వరండాలో సీఐని పట్టుకున్నాను.

"సార్, వాళ్ల యూనిట్‌కు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందాం."

"చేసినామ్మా. ఆయప్ప తెచ్చిన కాగితంలో ఉండే నంబరుకే చేసినా. మేజరంట, హిందీలో గడగడా మాట్లాడినాడు."

"వాళ్లిచ్చిన నంబరుకు వాళ్లే పలుకుతారు గదా సార్. కడప సైనిక సంక్షేమ ఆఫీసును అడుగుదాం."

"అడుగు పో. ఈ పొద్దు రెండో శనివారం."

నిజమే. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది. రెండో శనివారం దొంగలకు కూడా సెలవైతే ఎంత బాగుండేదో!

"చూడు వనితమ్మా," సీఐ గొంతు తగ్గించాడు. "నగల వ్యాపారస్తులు రోడ్డు మీద కూచోని ఉండారు. పైనుంచి గంటకొక ఫోను. వాళ్ల మనిషిని వాళ్లే తీసకపోతామంటే అడ్డమెందుకు? మూడు గంటల దాకా ఆపుతా. ఆ లోపల ఏదన్నా తేగలిగితే తే."

మెట్ల దగ్గర షాహుల్ భార్య సమీరా పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఒక బండివాడు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి నా జీపు దగ్గరికి వచ్చింది.

"నేను మీతో వస్తా మేడమ్. ఆయనెవురో నాకు తెలీదు."

జీపు గేటు దాటాక ఆమె నోరు విప్పింది. పాప నుదురు తడుముతూ అంది. "చెప్తే నన్ను చంపేస్తాడు మా ఆయన. ఒట్టు పెట్టించుకున్నాడు. కానీ ఆ మిలిటరీ ఆయనే చెప్పేసినాడంట గదా, ఇంగ దాచి ఏం లాభం? డ్రస్సు మా కమాల్ బాషా మామకాడ ఉంది."

కమాల్ బాషా ప్రొద్దుటూరులో పేరున్న దర్జీ, షాహుల్‌కు మేనమామ. జారిన భుజం మీద కొత్త జాకెట్ వేలాడుతుంటే పరేడులో దినామూ తిట్లు తినేవాడట షాహుల్. కొత్త డ్రస్సును బయటి దర్జీ చేతికి ఇవ్వకూడదని వాళ్ల యూనిట్‌లో స్టాండింగ్ ఆర్డరు. మామ బయటివాడెట్లయితాడులే అనుకున్నాడు. తప్పంతా ఇంతే! ఈ ముక్క పొద్దునే చెప్పి ఉంటే నా జుట్టు సగం మిగిలేది.

అంగడి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. మిషను ముందు కూర్చున్న ముసలాయన సమీరాను చూసి లేచాడు, నా యూనిఫాం చూసి మళ్లీ కూలబడ్డాడు.

"షాహుల్ డ్రస్సు తీ."

"ఏ డ్రస్సమ్మా? నాకాడ ఏం లేదు."

ఈ కుటుంబంలో నోరు మూసుకోవడం వంశపారంపర్యం కాబోలు. వాదించే ఓపిక లేక అంగడి చూడటం మొదలుపెట్టాను. వంకీలకు పెళ్లి కోట్లు, బడి చొక్కాలు, సగం కుట్టిన కుర్తాలు. ఒక చొక్కా తీసి గుండీల పట్టీ తిరగేశాను. రెండో గుండీ వెనక, లోపలివైపు, ఒకే ఒక్క పచ్చదారం కుట్టు. తెల్ల చొక్కాకు ఎందుకు పచ్చదారం? ఇంకోటి తిప్పాను. దానికీ ఉంది. కుర్తాకూ ఉంది.

నా చేతి సంచిలోంచి రక్తపు జాకెట్ తీసి బల్ల మీద పడేశాను. పట్టీ తిరగేశాను. అక్కడా పచ్చకుట్టే. మూడు రోజులుగా ఆ దారాన్ని చూస్తూనే ఉన్నాను, ఫ్యాక్టరీవాళ్ల గుర్తేమో అనుకున్నాను.

"ఇది నీ చెయ్యేనా, కాదా?"

కమాల్ బాషా ఆ రక్తం చూసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సమీరా ముందుకు వచ్చింది. "మామా, ఆయన్ను మూడు గంటలకు తీసకపోతారంట. నీ నోటికేమయింది? ఈ డ్రస్సు దాచేదానికే గదా ఆయన గమ్మునుండేది!"

ముసలాయన లేచి మూలనున్న బొంతల మూట విప్పాడు. అడుగున మడిచి ఉంది అసలు జాకెట్. తడిచేత్తో రుద్దాను, రంగు అంటలేదు. సైన్యం ముద్ర ఉంది. ఎడమ భుజం విప్పి మళ్లీ కుట్టిన జాడ ఉంది. పచ్చకుట్టు మాత్రం లేదు.

"కొత్త గుడ్డ మీద మొదటి కుట్టు బిస్మిల్లా అనుకోని పచ్చదారంతో ఏస్తానమ్మా. మా అబ్బా నేర్పింది. రిపేరుకొచ్చిన దాని మీద ఏయను."

"దొంగతనం జరిగిన పొద్దు షాహుల్ యాడుండాడు?"

"ఈడనే. ఎవురూ చూడగూడదని తెల్లారకముందే రమ్మంటి. షట్టరు దించుకోని ఆకరుసారి తొడిగి చూస్తాంటిమి."

పొద్దున్నుంచి నేను వెతుకుతున్న జవాబు ఈ బొంతల మూటలో పడి ఉంది. సంతోషపడాలో తల బాదుకోవాలో తెలియలేదు. రంగు వెలిసే జాకెట్‌ను ఆయన ముందుకు తోశాను. "మరి ఇది ఎవురికి కుట్టినావు?"

"పులివెందుల పక్క తొండూరు అన్నాడమ్మా. షార్టు ఫిల్ము తీస్తాండాం, మిలిటరీ ఏషం ఉందన్నాడు. గుడ్డ ఆయప్పే తెచ్చినాడు. కొలతలు తీస్తానంటే టైం లేదు, ఆ వంకీకుండే డ్రస్సే ఆది పెట్టుకో అన్నాడు. ఇది ఎవురిదని అడిగినాడు. మా షాహుల్‌ది, బయట చెప్పగాకు, తెలిస్తే వానికి కష్టం అని నేనే చెప్తి."

జాకెట్టు కుట్టించుకున్న ఏ ఆడదానికైనా తెలుసు ఆది అంటే. పాత బట్ట ఇస్తే దాన్ని పరిచి, దాని మీదే కొత్తది కోస్తారు. దొంగకు బట్టల ఆదితో పాటు షాహుల్ పిలక కూడా దొరికింది. ఈ కుర్రాడు ప్రాణం పోయినా నోరు విప్పడని వాడికి ఆ రోజే తెలిసిపోయింది. సైనికుడిని క్రమశిక్షణలో పెట్టడానికి రాసిన ఆర్డరును వాడు సైనికుడి నోట్లో కుక్కిన గుడ్డగా వాడుకున్నాడు.

"నా చెయ్యి అట్లాంటిదమ్మా," ముసలాయన గొణుగుతున్నాడు. "ఆది ఎట్లుంటే అట్లనే కోసేస్తా. దిగిన భుజాన్ని గూడా అట్లనే దించేస్తి. ఇచ్చినాంక గుర్తొచ్చింది, ఆ మనిషి భుజాలు సమంగా ఉండాయే అని. తొడిగితే ఎడం పక్క పట్టేస్తాది. మెడకాడికి ఎగదన్నుతాది. ఊరికూరికే కిందికి లాక్కుంటాండాల. తిరిగొచ్చి తిడతాడనుకుంటి. రాలేదు."

ఎడం పక్క. మెడ దగ్గరికి. ఊరికే లాక్కుంటూ.

"ఎన్ని కుట్టినావు?"

"రెండమ్మా."

రక్తం పడింది ఒకటి, కంపల్లో దొరికింది. రెండోది ఇందాక నా ముందు నిలబడి, నేను చిన్నదాన్నని చెప్పింది. స్టాండింగ్ ఆర్డరుకు పద్నాలుగేళ్లని ఆ మనిషి అన్నప్పుడు షాహుల్ ఎందుకు తలెత్తాడో అప్పుడర్థమైంది. చేరిన కొత్తల్లో నూరిపోసే పాఠం ఏ సుబేదారూ తప్పు చెప్పడు. షాహుల్ దొంగను గుర్తుపట్టాడు. భార్య పేరు, పాప జ్వరం, బయట ఉన్న బండి విన్నాక, గుర్తుపట్టానని నోటితో చెప్పలేక నన్ను తాళం వేయమని అడిగాడు.

షాహుల్ కనపడకుండా పోతే చాలు, నగలతో పారిపోయిన సైనికుడని అందరూ నమ్ముతారు. ఇంకెవరూ ఎవరినీ వెతకరు.

ఫోన్ తీశాను. రెండు దాటింది అంతే. సీఐ వెంటనే ఎత్తాడు.

"సార్, ఆ సుబేదారును కదలనీయొద్దు. వాడే దొంగ. షాహుల్‌ను గదిలో పెట్టి తాళం ఏయండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"పంపించేసినామ్మా. రైలుకు టైమయితాందన్నాడు. నువ్వు పోయినాంక కొంచెం సేపటికే."

"యా దోవన పోయినారు?"

"పులివెందుల రోడ్డుకు తిరిగింది బండి." అన్నాక ఆయనకే తట్టినట్టుంది. రైలు ఎక్కేవాడికి పులివెందుల దోవ ఎందుకు? "బేడీలు మనవే ఏసినాము వనితమ్మా. చేతులు ఎనక్కి పెట్టి. బీగంచెవి గూడా వానికే ఇచ్చినా."

బల్ల మీది రెండు జాకెట్లూ సంచిలో కుక్కాను.

"పోయేటప్పుడు ఆ పిల్లోడు నీకొక మాట చెప్పమన్నాడు," అన్నాడు సీఐ. "ఈడనే పెట్టుకోమని మేడమ్‌కు చెప్పినా గదా, అని."

అంగడి చిన్నది. ఫోను మాట ఎంతవరకు వినబడిందో తెలియదు. సమీరా పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని నా మొహంలోకి చూసింది.

"ఏమన్నాడు మేడమ్ మా ఆయన?"

నేను జీపు తాళాలు తీసుకుని షట్టరు కింది నుంచి బయటికి దూరాను.